అక్టోబరు మొదటి ఆదివారం, బాల్టిమోర్: పో స్మారకోపన్యాసం, సమాధి దగ్గర నివాళి

#1 నిశిపాఠకుడు

అమెరికన్ కవి, కథకుడు ఎడ్గార్ ఎలన్ పో వర్ధంతికి బాల్టిమోర్‌లో ఏటా ఒక బహిరంగ ఉపన్యాసం, సమాధి దగ్గర నివాళి జరుగుతాయి కదా, వాటి గురించి ఒకచోట వివరంగా ఉంటే బాగుంటుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. తేదీ ఎలా లెక్కపెడతారు, ఎక్కడికి వెళ్ళాలి, సమాధి దగ్గర ఏం పెట్టొచ్చు, ఏం పెట్టకూడదు? జనవరిలో అర్ధరాత్రి ముసుగు మనిషి వచ్చి కొన్యాక్ సీసా పెట్టి పోతాడనే కథ, ఈ అక్టోబరు సభ ఒకటేనా? నెట్‌లో రెంటినీ కలిపి కిచిడీ చేసేశారు.

#2 కాకిగూడు

వేరువేరండీ. ఒకటి వర్ధంతి, ఇంకోటి జయంతి. పో 1809 జనవరి 19న బోస్టన్‌లో పుట్టాడు, 1849 అక్టోబరు 7న బాల్టిమోర్‌లో పోయాడు. ("పో పోయాడు" అని రాయాల్సి రావడం తెలుగువాడి ఖర్మ.)

అక్టోబరు సభ బాల్టిమోర్ ఎడ్గార్ ఎలన్ పో సొసైటీది. 1923లో పెట్టిన సంఘం. ఉపన్యాసం ఆనవాయితీగా అక్టోబరు మొదటి ఆదివారం ఉంటుంది, ప్రవేశం ఉచితం. మొదటి ఆదివారం ఎప్పుడూ 1వ తేదీకీ 7వ తేదీకీ మధ్యే పడుతుంది కాబట్టి సభ వర్ధంతి నాడైనా ఉంటుంది, అంతకు ఆరు రోజుల లోపు ముందైనా ఉంటుంది. వర్ధంతి దాటాక మాత్రం ఉండదు. వేదిక, గంట ఏ ఏటికి ఆ ఏడు సంఘం ప్రకటనలో చూసుకోవాలి. పాత బ్లాగులో ఎవరో రాసిన సమయం పట్టుకుని వెళ్తే తాళం వేసిన తలుపు దర్శనమిస్తుంది.

ఇంకో తికమక కూడా ఉంది. "పో బాల్టిమోర్" అనేది వేరే సంస్థ. ఎమిటీ వీధిలో పో ఇంటిని నడిపేది వాళ్ళు, 2018 నుంచి అక్టోబరులో పో ఉత్సవం చేసేదీ వాళ్ళే. ఉత్సవమంటే తిరునాళ్ళ లెక్క: నాటికలు, వేషాలు, అంగళ్ళు. సొసైటీ సభ అంటే పరిశోధకుడు కాగితాలు పట్టుకుని మాట్లాడే సభ. ఒకదాని కోసం వెళ్ళి రెండోదాంట్లో కూర్చున్నవాళ్ళకి నిరాశ తప్పదు.

ఏ ఉపన్యాసానికి వెళ్ళినా ముందు రోజు సొసైటీ వెబ్‌సైట్‌లో కాసేపు గడపండి. పో కథలు, కవితలు, ఉత్తరాలు, ఒకే కథకి ఆయన బతికుండగా అచ్చయిన వేర్వేరు పాఠాలు, సంఘం వేయించిన పాత ఉపన్యాసాలు ఉచితంగా చదువుకోవచ్చు. పో అచ్చయిన కథల్ని కూడా మళ్ళీ మళ్ళీ దిద్దేవాడు. వక్త "1845 పాఠంలో" అన్నప్పుడు అదేమిటో తెలియకపోతే సగం ఉపన్యాసం తలమీంచి వెళ్ళిపోతుంది.

#3 పాత_అచ్చు

ముందు సభ, ఆ తర్వాత సమాధి దగ్గరికి నడక అనే వరస ఎక్కడ మొదలైందో చెప్పకపోతే ఈ చర్చ వెలితిగా ఉంటుంది.

1849 అక్టోబరు 8, సోమవారం. అసలు అంత్యక్రియ మూడు నిమిషాల్లో అయిపోయిందని చెప్తారు. వచ్చింది పదిమంది లోపే. శవపేటికకి పిడులు లేవు, పేరు రేకు లేదు, లోపల గుడ్డ లేదు, తలకింద దిండు లేదు. తాత డేవిడ్ పో పేరిట ఉన్న కుటుంబ స్థలంలో, తోట వెనకభాగాన పాతిపెట్టారు. గుర్తుగా చాలాకాలం ఏమీ లేదు. తర్వాత కాటికాపరి జార్జ్ స్పెన్స్ ఇసుకరాయి ముక్క ఒకటి పెట్టాడు. దానిమీద ఉన్నది పేరు కాదు, 80 అనే అంకె.

బంధువు నీల్సన్ పో పాలరాయి ఫలకం చేయించాడు. అది శిల్పి హ్యూ సిసన్ ఆవరణలో ఉండగా పక్కన రైలు పట్టాలు తప్పి వచ్చి దాన్ని ముక్కలు చేసింది. పో కథలో ఇలా రాస్తే సంపాదకుడు "మరీ అతిగా ఉంది" అని కొట్టేసేవాడు.

1865లో సారా సిగర్నీ రైస్ అనే బడిపంతులమ్మ చందాలు మొదలుపెట్టింది. పిల్లలు పెన్నీలు పోగు చేశారు, పద్య పఠన సభలు పెట్టి డబ్బు కూడబెట్టారు. పదేళ్ళు పట్టింది. చివర్న తక్కువపడిన 650 డాలర్లు ఫిలడెల్ఫియా ప్రచురణకర్త జార్జ్ చైల్డ్స్ ఇచ్చాడు. మొత్తం ఖర్చు 1,500 డాలర్లు దాటింది. నమూనా గీసింది బాల్టిమోర్ సిటీ హాల్ కట్టిన వాస్తుశిల్పి జార్జ్ ఫ్రెడరిక్, చెక్కింది ఆ సిసనే.

ఆవిష్కరణ 1875 నవంబరు 17. ముందు పక్కనున్న వెస్టర్న్ ఫిమేల్ హైస్కూల్ హాల్లో సభ. చందాల చరిత్ర చెప్పారు, దూరాన్నుంచి కవులు పంపిన ఉత్తరాలు చదివారు. 1833లో పోకి కథల పోటీలో బహుమతి ఇచ్చిన న్యాయనిర్ణేతల్లో ఒకడైన జాన్ లాట్రోబ్ మాట్లాడాడు. తర్వాత అందరూ సమాధి దగ్గరికి నడిచి తెర తీశారు. హాల్లో మాట, ఆరుబయట పూలు: ఇప్పటిదాకా అదే వరస. మన వర్ధంతి సభల్లో ముందు విగ్రహానికి దండ వేసి ఆ తర్వాత ఉపన్యాసాలు మొదలుపెడతాం. వాళ్ళది తిరగేసిన క్రమం. నాకైతే వాళ్ళదే నచ్చుతుంది. ఎవరికి పూలు పెడుతున్నామో తెలిశాక పెట్టడం వేరు.

#4 వేపచెట్టు

రెండు అనుమానాలు. 1875లో తవ్వినప్పుడు పో బదులు వేరేవాడి ఎముకలు తీశారని, ఇప్పుడు స్మారకం కింద ఉన్నది ఎవరో సైనికుడని చదివాను. అది నిజమైతే ఈ నివాళి అంతా ఎవరికి? ఇక ఆ ఆవిష్కరణ సభకి అమెరికా సాహిత్యలోకం కదిలి వచ్చిందని గొప్పగా రాస్తారు. ఎవరెవరు వచ్చారు?

#5 పాత_అచ్చు

రెండోది ముందు. పేరున్న కవుల్లో వచ్చింది ఒక్క వాల్ట్ విట్మన్. వచ్చి వేదిక మీద కూర్చున్నాడు, మాట్లాడమంటే మాట్లాడలేదు. టెనిసన్ లాంటివాళ్ళు ఉత్తరాలతో సరిపెట్టారు. ఫ్రెంచ్ కవి మలార్మే తన ప్రసిద్ధ సానెట్ రాసిచ్చింది ఈ సందర్భానికే, అయితే అది 1877లో రైస్ తెచ్చిన స్మారక సంచికలో చేరింది. కాబట్టి లోకం కదిలి రాలేదు, కదిలి ఉత్తరాలు రాసింది.

ఇక వేరేవాడి ఎముకల కథ. అది నిలవదు. 1849లో పాతిపెట్టినప్పుడు ఉన్న స్పెన్సే 1875లో తవ్వకం దగ్గరా ఉన్నాడు. స్థలం తెలిసిన మనిషి చేతిమీదుగానే జరిగింది. గందరగోళానికి మూలం ఇంకోచోట ఉంది. 1913లో ఆరిన్ పెయింటర్ అనే ఆయన అసలు సమాధి ఉన్న చోట గుర్తుగా బొంతకాకి బొమ్మ చెక్కిన రాయి పెట్టించాడు. మొదట దాన్ని తప్పు చోట పెట్టారు, తర్వాత జరిపారు. రాయి జరిగింది కాబట్టి శవం కూడా తప్పు అయ్యుంటుందని జనం అల్లుకుపోయారు.

#6 చెసపీక్_గాలి

దారి, రవాణా సంగతులు. తెలుగువాళ్ళు ఎక్కువగా వర్జీనియా, డీసీ వైపు నుంచి వస్తుంటారు కాబట్టి అటునుంచే చెప్తాను.

స్మశానం ఉన్నది వెస్ట్‌మినిస్టర్ హాల్ ఆవరణలో, 519 వెస్ట్ ఫయెట్ వీధి, గ్రీన్ వీధి మూల. పో స్మారకం సరిగ్గా ఆ మూలమీదే, గేటు పక్కనే ఉంది. లోపలంతా వెతకక్కర్లేదు. మామూలు రోజుల్లో పొద్దున 8 నుంచి చీకటిపడే దాకా తెరిచి ఉంచుతారు. అక్టోబరు మొదటివారంలో అక్కడ సూర్యాస్తమయం 6:45 ప్రాంతంలో. సభ సాగి సాగి ఆరున్నర దాటితే సమాధి దగ్గర చదవడానికి వెలుగు చాలదు.

డీసీ యూనియన్ స్టేషన్ నుంచి మార్క్ రైలు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు: మ్యాపులో కామ్డెన్ లైను సమాధికి దగ్గరగా కనబడుతుంది, కానీ అది వారం మధ్య రోజుల్లోనే నడుస్తుంది. సభ ఆదివారం. ఆదివారం ఉండేది పెన్ లైను. పెన్ స్టేషన్‌లో దిగి లైట్ రైలో, క్యాబో పట్టుకోవాలి. లైట్ రైలుకైనా మెట్రోకైనా లెక్సింగ్టన్ మార్కెట్ స్టాపు, అక్కడినుంచి పడమరకి నాలుగైదు వీధుల నడక.

కారులో వచ్చేవాళ్ళు ముందు ఫుట్‌బాల్ షెడ్యూలు చూడండి. బాల్టిమోర్ రేవెన్స్ స్టేడియం ఇక్కడికి మైలు లోపే. ఆదివారం ఒంటిగంట మ్యాచ్ సొంతగడ్డ మీద ఉంటే పార్కింగు రేట్లు ఆకాశంలో ఉంటాయి, వీధులు కిక్కిరిసిపోతాయి. ఆ జట్టుకి 1996లో పేరు పెట్టింది పో కవిత "ది రేవెన్" (బొంతకాకి) మీదనుంచే. ఆయన పేరు పెట్టుకున్నవాళ్ళే ఆయన సమాధికి దారి మూసేస్తారన్నమాట.

పో ఇల్లు, 203 నార్త్ ఎమిటీ వీధి, ఇంకా పడమరన ఉంది. 1833 నుంచి 1835 దాకా అత్త మరియా క్లెమ్, ఆమె కూతురు వర్జీనియాలతో ఉన్న ఇల్లు. చిన్న ఇటుక ఇల్లు. అటకగదికి మెట్లు నిటారుగా, ఇరుగ్గా, వంపు తిరిగి ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని పైకి తీసుకెళ్ళొద్దు. వేళలు ముందే చూసుకోండి, రోజూ తెరవరు. సభ, సమాధి, ఇల్లు మూడూ ఒక మధ్యాహ్నంలో కుదరవు. ఇల్లు పొద్దున్నే చూసెయ్యాలి.

కింద ఉన్న నేలమాళిగ గురించి కూడా అడుగుతారు. స్మశానం 1780ల నాటిది, చర్చి (ఇప్పటి వెస్ట్‌మినిస్టర్ హాలు) 1852లో కట్టారు. సమాధులు తీసెయ్యకుండా ఇటుక కమానులు లేపి వాటి మీద చర్చి నిలబెట్టారు. దాంతో కొన్ని పాత సమాధులు చర్చి కిందకి వెళ్ళిపోయాయి. గైడుతో వెళ్ళే పర్యటనల్లో తప్ప అక్కడికి అనుమతి ఉండదు. పో అందులో లేడు, బయటే ఉన్నాడు.

#7 రాయీరప్పా

సమాధి మీద ఏం పెట్టొచ్చు అన్న ప్రశ్నకి జవాబు రాయిని బట్టి ఉంటుంది. పో స్మారకం తెల్ల పాలరాయి. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగిలితే కరుగుతుంది, రంగు తగిలితే పీల్చుకుంటుంది. మన ఇళ్ళల్లో పాలరాతి గచ్చు మీద నిమ్మరసం ఒలికితే మెరుపు పోయి తెల్లగా మచ్చ పడుతుంది చూశారా, అదే.

అందుకని కొన్యాక్ రాయి మీద పొయ్యకూడదు. అందులో ఉన్న రంగు పదార్థాలు రాయి రంధ్రాల్లోకి దిగుతాయి. తీపి కలిసిన మద్యమైతే ఆ తీపికి బూజు కూడా పడుతుంది. సీసా పెట్టాలనిపిస్తే మూత బిగించి నేల మీద పెట్టండి. అమెరికాలో బహిరంగ స్థలంలో మూత తీసిన సీసాతో నిలబడితే వేరే చిక్కు కూడా ఉంది.

పెన్నీలు పెట్టడం ఇక్కడ అలవాటు, బడిపిల్లల చందాలకి గుర్తుగా. ఉద్దేశం మంచిదే, కానీ 1982కి ముందటి పెన్నీల్లో 95 శాతం రాగి. తర్వాతవి జింకు మీద పల్చటి రాగి పూత. రెండూ వానకి తడిస్తే పచ్చటి మరక దిగుతుంది, ఆ మరక పోగొట్టడం చాలా కష్టం. రాయి అంచున కాకుండా పాదం దగ్గర నేల మీద వేయండి.

కొవ్వొత్తి వద్దు. మైనం కారి గట్టిపడ్డాక గోకితే రాయి పెచ్చు లేస్తుంది. బ్యాటరీ దీపం చాలు. కాగితం వేసి పెన్సిలుతో రాసి అక్షరాల అచ్చు తీసుకోవడం కూడా మానండి. పాత పాలరాయి పైపొర చక్కెరలా రాలుతూ ఉంటుంది, ఒత్తిడికి ఇంకా రాలుతుంది. ఫోటో తీసుకోండి. అక్షరాలు కనబడకపోతే టార్చి పక్కనుంచి ఏటవాలుగా వెయ్యండి, నీడల్లో అక్షరాలు లేచి కనబడతాయి.

పూలచక్రం పెట్టే సంఘాలకి: ఇనప మూడుకాళ్ళ స్టాండు అయితే కాళ్ళకి రబ్బరు తొడుగులుండాలి, లేకపోతే తుప్పు మరక. అక్టోబరు గాలికి 45 సెంటీమీటర్లు దాటిన చక్రం తెరచాపలా పనిచేసి పడిపోతుంది, వెనక కాలు దగ్గర చిన్న ఇసుకసంచి పెట్టాలి. రిబ్బను రంగు దిగేదో కాదో ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూసుకోవాలి. ఎరుపు, ముదురు ఊదా శాటిన్ రిబ్బన్లు తరచుగా దిగుతాయి. ప్లాస్టిక్ కవరు తీసేసి పెట్టండి. వాడిన గులాబీ రేకులు తడి రాయి మీద కుళ్ళితే గోధుమరంగు మచ్చ మిగుల్తుంది, కాబట్టి పూలు కూడా రాయి మీద కాక రాయి ముందే.

ఉత్సాహవంతులు కొందరు బ్రష్షు పట్టుకుని శుభ్రం చెయ్యబోతారు. దయచేసి వద్దు. బ్లీచి, వైరు బ్రష్షు, ఒత్తిడి నీళ్ళ గొట్టం ఈ మూడూ పాలరాయికి శత్రువులు. ఆ పని స్మశానాన్ని చూసుకునే ట్రస్టు నియమించినవాళ్ళది.

#8 వేపచెట్టు

> కొన్యాక్ రాయి మీద పొయ్యకూడదు

మరి ఆ ముసుగు మనిషి దశాబ్దాలపాటు చేసిందదే కదా?

#9 కాకిగూడు

పొయ్యలేదండీ. తను కాస్త తాగి, మిగతా సీసా అక్కడ వదిలి వెళ్ళేవాడు. రాయికి హాని జరగని పద్ధతే.

వివరం ఇది. ఏటా జనవరి 19 తెల్లవారుజామున నల్ల దుస్తులు, వెడల్పు అంచు టోపీ, ముఖానికి తెల్ల స్కార్ఫుతో ఒకరు వచ్చేవారు. మూడు ఎర్ర గులాబీలు, సగం మిగిలిన మార్టెల్ కొన్యాక్ సీసా పెట్టేవారు. గులాబీలు మూడెందుకంటే అక్కడ ఉన్నది ముగ్గురు కాబట్టి అని ఊహ: పో, వర్జీనియా, మరియా క్లెమ్. అచ్చులో ఈ ఆచారం ప్రస్తావన 1950లో స్థానిక పత్రికలో కనబడుతుంది. 1990లో లైఫ్ పత్రిక రాత్రి ఫోటో ఒకటి వేసింది. 1993లో "దివిటీ చేతులు మారుతుంది" అన్న అర్థంలో చీటీ దొరికింది. తర్వాత వచ్చిన చీటీని బట్టి మొదటాయన పోయాడని, కొడుకుల తరం అందుకుందని తెలిసింది. ఆ కొత్తతరం చీటీల్లో వరస చెడింది. 2001లో ఒక చీటీ సూపర్ బౌల్ (అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్) గురించి రాసి ఊరివాళ్ళ ఒళ్ళు మండించింది. పో సమాధి మీద ఫుట్‌బాల్ జోస్యం!

ఆఖరి రాక 2009, పో ద్విశతజయంతి నాడు. 2010లో రాలేదు. 2011లో నకిలీలు వచ్చారు. చాలా ఏళ్ళు చర్చిలోంచి కాపలా కాసిన పో హౌస్ సంరక్షకుడు జెఫ్ జెరోమ్‌కి మాత్రమే తెలిసిన ఒక సైగ ఉండేది, నకిలీలు అది చెయ్యలేకపోయారు. 2012లోనూ ఎవరూ రాకపోయేసరికి ఆచారం ముగిసిందని ఆయన ప్రకటించాడు. తర్వాత మేరీల్యాండ్ హిస్టారికల్ సొసైటీ పోటీ పెట్టి కొత్త వ్యక్తిని ఎంపిక చేసింది. 2016 నుంచి నడుస్తున్నది ఆ రూపం. ఆ ఏడు వచ్చినాయన ఫ్రెంచ్ స్వరకర్త సాన్-సాన్స్ మృత్యునాట్యం వయొలిన్ మీద వాయించాడు. చూడడానికి బాగుంటుంది, కానీ ఎంపిక పరీక్ష పాసై వచ్చిన రహస్యం రహస్యమెలా అవుతుంది? నా మటుకు నాకు అసలు ఆచారం 2009తో సరి.

అక్టోబరు ఉపన్యాసానికి ఇలాంటి మెరుపు లేదు. అందుకే పత్రికలు పట్టించుకోవు, అందుకే అది ఒక మనిషి ఆయుష్షు మీద ఆధారపడకుండా నడుస్తోంది. కార్యవర్గం, హాలు బుకింగు, వక్తకి ఉత్తరం. విసుగు పుట్టించే పనులే.

#10 వేపచెట్టు

2009లో దొంగ శవయాత్ర కూడా చేశారు కదా. అది తమాషా కాదా?

#11 పాత_అచ్చు

తమాషానే, కానీ లెక్కున్న తమాషా. 2009 అక్టోబరు 11న పో బొమ్మని ఎమిటీ వీధి ఇంట్లో దర్శనానికి ఉంచి, తర్వాత గుర్రబ్బండిలో వెస్ట్‌మినిస్టర్ హాలుకి తెచ్చారు. 1849లో పదిమంది రాని చోట జనం పట్టక రెండు విడతలుగా అంత్యక్రియ సభ పెట్టారు. పో చనిపోయిన రెండోరోజే, అక్టోబరు 9న, పో అంటే పడని సంపాదకుడు రూఫస్ గ్రిస్‌వల్డ్ న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో మారుపేరుతో రాసిన సంస్మరణలో ఈ చావుకి బాధపడేవాళ్ళు తక్కువేనన్నాడు. దానికి 160 ఏళ్ళు ఆలస్యంగా ఇచ్చిన జవాబు అనుకోండి.

#12 పద్యపాదం

సమాధి దగ్గర ఏం చదవాలి అన్నది ఎవరూ ఎత్తలేదు. అందరూ బొంతకాకి కవితే చదవాలనుకుంటారు. లెక్క చూడండి: 18 చరణాలు, చరణానికి 6 పాదాలు, మొత్తం 108 పాదాలు. అష్టోత్తరం! తొందరపడకుండా చదివితే ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. ప్రతి చరణంలో మొదటి అయిదూ దీర్ఘ పాదాలు, మధ్యలో లోపలి ప్రాసలు. మైకు లేకుండా, పక్కన బస్సులు పోతుండగా చదివితే ఏడో చరణానికి ఊపిరి అందదు, వినేవాళ్ళకి పల్లవి ఒక్కటే వినబడుతుంది. ఆరుబయట "ఎనబెల్ లీ" చదవడం నయం. 41 పాదాలు, రెండు నిమిషాల పైచిలుకు. పైగా వర్ధంతికి సంబంధమున్న కవిత: పో పోయాక, ఆ గ్రిస్‌వల్డ్ వ్యాసంతోపాటే అచ్చయింది. ఇంకా పొట్టిది కావాలంటే "ఎల్డొరాడో", 24 పాదాలు. బొంతకాకిని హాల్లో మైకుతో పెట్టుకోండి.

తెలుగులో చదవాలనుకునే వాళ్ళకి ఆ పల్లవి పెద్ద పరీక్ష. 1846లో తన రచనా పద్ధతి గురించి రాసిన వ్యాసంలో పో, సాగదీయగల "ఓ" అచ్చుకి "ర" జోడించాలని, ఆ ధ్వనికి తగ్గ మాటగా "నెవర్‌మోర్" దొరికిందని చెప్పుకున్నాడు. అర్థం తర్వాత వచ్చింది, ధ్వని ముందు. మనం "ఇక రాదు" అంటే అర్థం ఉంది, సాగు లేదు. "ఇంకెన్నడూ" అంటే చివర దీర్ఘం సాగుతుంది, పక్షి నోట్లో ఒక్క మాటగా ఇముడుతుంది, ప్రతి ప్రశ్నకీ జవాబుగా అతుకుతుంది. నా ఓటు దానికే. "ఎన్నటికీ లేదు" లాంటివి రెండు మాటలైపోయి కాకి ప్రసంగం చేస్తున్నట్టుంటాయి.

ఇంకో చిక్కు. మనకి తద్దినం నాడు కాకి రావాలి, రాకపోతే బెంగ. పిండం ముట్టిందంటే పెద్దలు తృప్తిపడ్డట్టు. అక్కడ కాకి తలుపు మీద వాలితే హడల్. తెలుగు శ్రోతల ముందు చదివేటప్పుడు ముందుగా రెండు ముక్కలు చెప్పకపోతే, చచ్చిపోయిన లెనోర్ కోసం ఏడుస్తున్నవాడి ఇంటికి కాకి వస్తే "మంచిదే కదా, వచ్చింది" అనుకునే ప్రమాదం ఉంది.

#13 నిశిపాఠకుడు

పద్యపాదం గారూ, ఆఖరి పేరా అద్భుతం. ఆన్‌లైన్లో ప్రసారం ఉన్న ఏడాది ఇండియా నుంచి చూసేవాళ్ళకి సమయం తేడా ఎంత? ఉపన్యాసం అయ్యాక ప్రశ్నలు అడగనిస్తారా?

#14 చెసపీక్_గాలి

అక్టోబరులో అక్కడ వేసవి గడియారం నడుస్తుంది కాబట్టి మనం తొమ్మిదిన్నర గంటలు ముందుంటాం. అక్కడ మధ్యాహ్నం 2 అంటే మనకి రాత్రి 11:30. జనవరిలో తేడా పదిన్నర గంటలు. అక్కడ అర్ధరాత్రి అంటే మనకి పొద్దున 10:30. ఈ గంట తేడా మర్చిపోయి జనవరి లెక్కతో అక్టోబరు సభకి కూర్చుంటే మొదటి గంట పోతుంది.

#15 పాత_అచ్చు

ప్రశ్నలు అడగొచ్చు. ఒక మనవి: వక్త ఏ అంశం మీద మాట్లాడినా "ఇంతకీ ఆయన ఎలా చనిపోయాడు?" అనే ప్రశ్న ఒకటి వస్తుంది. అది అడిగేముందు తెలిసింది ఇంతే అని గుర్తుంచుకోండి. 1849 అక్టోబరు 3, ఎన్నికల రోజు. పోలింగు జరుగుతున్న గన్నర్స్ హాల్ అనే మద్యశాల దగ్గర ఒంటిమీద తనవి కాని బట్టలతో, స్పృహ సరిగ్గా లేకుండా దొరికాడు. జోసెఫ్ వాకర్ అనే ఆయన డాక్టర్ స్నాడ్‌గ్రాస్‌కి చీటీ రాశాడు. వాషింగ్టన్ కాలేజీ ఆసుపత్రిలో చేర్చారు, నాలుగు రోజులకి పోయాడు. మరణ ధ్రువపత్రం దొరకలేదు. దొంగ ఓట్ల ముఠా పట్టుకుపోయి తాగించి ఊరంతా తిప్పి ఓట్లేయించిందనేది ఒక వాదం. 1996లో స్మశానం పక్క ఆసుపత్రి వైద్యుడొకరు లక్షణాలు చూసి రేబిస్ అన్నారు. దేనికైనా ఆధారం ఎక్కువగా వైద్యం చేసిన డాక్టర్ మోరాన్ మాటలే, ఆయనేమో ఏళ్ళు గడిచేకొద్దీ కథ పెంచుతూ పోయాడు. కాబట్టి వక్తని "ఏది నిజం" అని కాకుండా "మోరాన్ మొదటి ఉత్తరంలో లేనిది తర్వాత ఏం చేరింది" అని అడగండి. పది నిమిషాలు ఉత్సాహంగా చెప్తారు.

#16 నిశిపాఠకుడు

ఒక్కటే మిగిలింది. మూలనున్న పెద్ద స్మారకం, వెనకనున్న కాకి రాయి, రెండూ ఉన్నాయి కదా. పూలు దేని దగ్గర?

#17 కాకిగూడు

మూలనున్న పెద్దదాని దగ్గర. పో, మరియా క్లెమ్, వర్జీనియా ముగ్గురూ అక్కడే. వర్జీనియా 1847లో ఫోర్డమ్‌లో పోయింది, ఆమె అవశేషాల్ని ఇక్కడికి తెచ్చి భర్త పక్కన పెట్టింది 1885 జనవరి 19న. వెనకనున్న కాకి రాయి కింద ఇప్పుడు పో లేడు, అది పాత చోటుకి గుర్తు మాత్రమే. అయినా ఫోటోలకి జనం ఎక్కువగా దాని దగ్గరే నిలబడతారు, కాకి ఉంది కదా.

ఆహ్వానపత్రం వేసేవాళ్ళకి ఒక హెచ్చరిక. తేదీలు రాళ్ళ మీంచి ఎత్తి రాయొద్దు. పెద్ద స్మారకం మీద పుట్టినరోజు జనవరి 20 అని చెక్కారు, అసలైంది 19. కాకి రాయి మీద అక్టోబరు 9 నుంచి అక్కడ ఉన్నాడని రాసుంది, పాతిపెట్టింది 8న. రెండు రాళ్ళూ చెరో రోజు తప్పు.